గొంతు తక్కువ పెట్టిన పాటలు

షూగేజ్ పాటలు వినమంటే దిల్‌సుఖ్‌నగర్‌లో నన్ను తిట్టని మనిషి లేడు. గిటార్లన్నీ పొగమంచులా కమ్ముకుంటాయి, లోపలెక్కడో ఒక గొంతు మెల్లగా పాడుతుంది. వాయించేవాళ్లు తలవంచుకుని బూట్ల దగ్గరి మీటలే చూసుకుంటారని ఆ పేరు. కాలేజీలో అడిగినా అడగకపోయినా అందరి మెమరీ కార్డుల్లోనూ ఎక్కించేదాన్ని. ముందు తేలికైన ఇండీ పాప్, తర్వాత గిటార్ల హోరు. ఒక్కరూ రెండో పాట దాటలేదు. ఒళ్లు మండేది.

మా అన్న మీద వచ్చినంత కోపం మాత్రం ఎవరి మీదా రాలేదు.

అన్న ఎల్బీనగర్ చౌరస్తాలో, తెలంగాణ ఉద్యమ శిబిరంలో పాడేవాడు. నల్గొండ నుంచి వచ్చి మీర్‌పేట్‌లో కిరాయికి ఉండే మమ్మల్ని నలుగురూ గుర్తుపట్టేది ఆ గొంతు వల్లే. నాయకులు వచ్చేదాకా జనం లేచిపోకుండా పాడటం అతని పని. వాళ్లు ఏనాడూ వేళకు రాలేదు. అంతసేపూ డప్పును మించి గొంతెత్తాలి. మంచినీళ్ల సీసాలేమో వేదిక మీద కుర్చీల ముందుండేవి, పాడేవాళ్ల దగ్గర కాదు. తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుకుతాను.

చివరికి ఉమ్మితే రక్తపు జీర కనిపించింది. దవాఖానలో డాక్టరమ్మ కసిరింది: "నెల రోజులు నోరు తెరవొద్దు. తెరిచినవో, ఇగ ఈ గొంతు రాదు."

అతన్ని ఇంట్లో కూర్చోబెట్టే పని నాది. నా పాటలన్నీ అతని ఫోన్‌లో ఎక్కించాను. అరవకుండా కూడా పాడొచ్చని తెలియాలి కదా! అన్న కళ్లు మూసుకుని విన్నాడు. ఆశగా చూస్తున్నాను. మొహం చిట్లించి గుసగుసగా అన్నాడు:

"మైకాయన పండుకున్నడా ఏంది? గిటార్లు పెంచి పాడేటోని గొంతు తొక్కిండు. పోయి జర చెప్పరాదు!"

ఏ దేశంలోనో ఎప్పుడో రికార్డు చేసిన పాట అది. రోజూ శిబిరంలో మైకు సెట్టు మనిషితో పోట్లాడేవాడికి ఇంకేం తోస్తుంది?

"కావాల్నని తగ్గించిండ్రన్నా. అది అట్లనే ఉంటది."

"గొంతుండి దాసుకునుడేంది? మన మాట వినబడుతలేదనే గదా కొట్లాట?"

ఒళ్లు ఇంకా మండింది. మాట్లాడొద్దని చెప్పి ఫోన్ లాక్కున్నాను.

ఆ వారంలోనే శిబిరం నాయకుడు ఇంటికొచ్చాడు. "పెద్ద సభ ఉన్నది. ఒక్క పాట తమ్మీ, ఒక్కదానికి ఏమైతది?" గుమ్మానికి అడ్డం నిలబడి డాక్టరమ్మ మాట చెప్పాను. "తెలంగాణ కంటె ఎక్కువనా చెల్లె?" అన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పగల ఇల్లు ఆ రోజుల్లో మా గల్లీలో లేదు. అన్న చెప్పులు వేసుకున్నాడు. ఒక్క పాట కాదు, పెద్ద నాయకులు వచ్చేదాకా పాడించారు.

ఆ తర్వాత అతనికి గరగర తప్ప గొంతు మిగల్లేదు. ఆ పెద్దమనిషి మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

తెలంగాణ వచ్చినప్పుడు చౌరస్తా అంతా గులాల్. వేదిక మీద మెడనిండా దండలతో ఆ శిబిరం నాయకుడే. పాడుతున్నది మాత్రం వేరెవరో. జనం వెనక నిలబడ్డ అన్న నా ఇయర్‌ఫోన్లలో ఒకటి తీసుకుని చెవిలో పెట్టుకున్నాడు. అప్పుడు అతను మైకాయన్ను తిట్టిన పాటే పెట్టాను. చివరిదాకా విన్నాడు.

"గిప్పుడన్నా పాడేటోని గొంతు వినబడ్డదా?" అన్నాను, ఆ నాయకుడి మీది కోపం అన్న మీద చూపిస్తూ.

"వినబడకున్నా," అన్నాడు గరగరగా, "పాడిండు గదా."