బీచుపల్లిలో మొక్కని మొక్కు

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాకు జర్మనీ వెళ్ళాలని ఉందని అందరికీ తెలుసు. అంతకంటే ఎక్కువగా, అక్కడి నుంచి తిరిగి రాకూడదని ఉంది.

నేను నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. డ్యూటీ అయ్యాక హాస్టల్ గదిలో ఫోన్ ముందు పెట్టుకుని జర్మన్ నేర్చుకున్నాను. ఈ వానాకాలంలో వీసా వచ్చింది. అది ఒక్క ఆసుపత్రి పేరు మీద ఇచ్చిన వీసా. మొదట్లో వాళ్ళ దగ్గరే పని చేయాలి, మారాలంటే అనుమతి కావాలి. కొన్నేళ్ళు నిలబడి, భాష పరీక్ష దాటితే, శాశ్వతంగా ఉండటానికి అర్జీ పెట్టుకోవచ్చు. ఆ నిబంధనలు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఒక వారం సడలించారంటారు, ఇంకో వారం బిగిస్తారంటారు. వార్డులో సెలైన్ మార్చి వచ్చి, మెట్ల మీద నిలబడి అదే వార్త మళ్ళీ చదివేదాన్ని. నేను వెళ్ళేలోగా తలుపు మూస్తే? వెళ్ళాక మూస్తే? డైరీ తెరిస్తే తేదీ వేసి ఆగిపోయేదాన్ని.

వనపర్తి దగ్గర మా ఊళ్ళో అమ్మకు ఇదంతా చెప్పడం ఇంకా కష్టం. మా వాళ్ళకు వలస అంటే మేస్త్రీ వెంట పోయేదే. అతను అడ్వాన్స్ ఇచ్చి, గుంపును బండెక్కించి పూణేకో బెంగుళూరుకో తీసుకుపోతాడు. పని అయ్యేదాకా వదలడు. అయ్యాక అందరూ ఊరికి రావలసిందే.

"మీ మేస్త్రీ ఎవరే?" అంది అమ్మ.

"మేస్త్రీ ఉండడమ్మా. ఆసుపత్రోళ్ళే పిలుస్తున్నరు."

"నడిమిట్ల ఇడిసి పోవచ్చా?"

"పర్మిషన్ తీస్కొని ఇంకో ఆసుపత్రికి పోవచ్చు."

"గట్లయితే మేస్త్రీ ఉన్నట్టే గదనే." అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. "సీజన్ ఎప్పుడైతది మరి?"

సీజన్ అనేది లేదని చెప్పలేకపోయాను. "చూడాలె," అన్నాను. ఆ మాటను అమ్మ 'రెండేళ్ళు' అని మార్చేసి, బిడ్డ రెండేళ్ళకొస్తదని వాడకట్టంతా చెప్పుకొచ్చింది.

ఆ నెలలోనే అక్కా బావా బెంగుళూరు పనికి బయలుదేరారు. మా ఊరి గుంపులు పోతూ పోతూ కృష్ణ ఒడ్డున బీచుపల్లిలో బండి ఆపి ఆంజనేయస్వామికి మొక్కుతాయి. పోయేటప్పుడు కొబ్బరికాయ కొట్టరు. తిరిగొచ్చి కొడతానని పైకి చెప్పాలి, పక్కవాళ్ళకు వినబడేలా. అక్కను సాగనంపుదామని అమ్మా నేనూ వాళ్ళ డీసీఎం వ్యానులోనే అక్కడిదాకా వెళ్ళాం.

"మంచిగ తిరిగొచ్చినంక కాయ కొడ్త సామీ," అని అక్క చటుక్కున అనేసింది. ఏటా చెప్పే మాటే. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది.

"నువ్వు గూడ మొక్కు. నువ్వు గూడ పోతున్నవ్ గదా."

చేతులు జోడించాను. నోరు తెరిచాను. మాట రాలేదు. వెనక వరుసలో వాళ్ళు ఆగి ఉన్నారు.

"ఏందే, దేవుని తాన గూడ సిగ్గేనా?" అక్క నవ్వింది.

"జర్మన్ల మొక్కుతుందేమో, సామికి అర్థమైతలేదు," అన్నాడు బావ. గుంపంతా నవ్వింది.

"మనసుల అనుకున్న," అన్నాను.

"మనసుల అనుకుంటే మాకెట్ల ఎర్కయితది?" అంది అమ్మ. మళ్ళీ మొక్కించేదే, కానీ బయట హారన్ మోగింది. గద్వాల వాళ్ళు ఎర్రవల్లి చౌరస్తాలో కాచుకుని ఉన్నారని మేస్త్రీ అరుస్తున్నాడు.

అమ్మ అక్క కోసం నీళ్ళ సీసా నింపుకు రావడానికి పంపు దగ్గరికి వెళ్ళింది. అక్క బండి మీద ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూసింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"మనసుల గూడ అనుకోలే గదా నువ్వు?"

నేను వంతెన మీద పోతున్న లారీల వైపు చూశాను. ఇంజన్ మొదలైంది. బావ చెయ్యి అందించి ఆమెను పైకి లాగాడు. అమ్మ సీసాతో వస్తూ కనబడింది. అక్క ఆమెను చూసి, బండి అంచు పట్టుకుని గబగబా నా మీదికి వంగింది.

"ఉండనిస్తే ఉండు పో. నేను గన్ని బిల్డింగులకు ఇటుకలు మోసిన, ఒక్కరన్న నన్ను ఆడ ఉండుమనలె. గాని అమ్మకు నువ్వే చెప్పాలె. నేను చెప్ప."