ఒట్టిపోయిన ఏడో నంబరు

పశువైద్య కళాశాల కొట్టంలో పశువుల్ని చూసుకునే పెద్దయ్య చేతి కింద ముప్పై ఒక్క బ్యాచీలు తయారయ్యాయి. చదివింది ఊరి బడిలో ఐదో తరగతే అయినా, కడుపులో అడ్డం తిరిగిన దూడల్ని పద్నాలుగింటిని సరిచేసి బయటికి తీసిన చెయ్యి ఆయనది. ఇప్పటి గైడు సారుకు ఆవు పక్కన ఎటు నిలబడాలో నేర్పిందీ ఆయనే. అంతకుముందు సారు తప్పు వైపు నిలబడి, తన్ను తిని, పేడకుప్పలో కూర్చున్న సంగతి ఆయనకు తేదీతో సహా గుర్తు.

ఆ సారు దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఆవేళ కళ్లు తుడుచుకుంటూ కొట్టంలోకి వచ్చింది. ఏడో నంబరు ఆవు ఏడు నెలల చూడిదని ఆమె రాసిందట. సారు దాని మీద ఎర్రగీత కొట్టి, చూడి కట్టిందో లేదో తెలియని చేతులకు సంతకం పెట్టనన్నారట. సాయంత్రంలోగా సంతకం పడకపోతే ఏడాది చదువు ఏట్లో కలిసినట్టే.

"చెయ్యి పెట్టి చూశావా తల్లీ?"

"మూడుసార్లు చూశాను పెద్దయ్యా. దూడ కాలు తగిలింది. సారేమో కొట్టం బోర్డు మీద నువ్వు రాసింది చూపించి, కొట్టంలో వాళ్లకున్న పాటి జ్ఞానం కూడా నీకు లేదా అని నన్ను తిట్టారు."

ఆ పొగడ్త పెద్దయ్యకు కాసేపు తియ్యగానే ఉంది. తరవాత బోర్డు చూశాడు. ముత్యాల్లాంటి తన అక్షరాలే: ‘ఏడు – ఒట్టిపోయింది.’ ఈనే ముందు పాలు మానేసిందని ఆయన రాశాడు. పట్నంలో మూడో అంతస్తులో పుట్టి పెరిగిన సారు, కడుపు ఒట్టిదని చదువుకున్నారు.

నేరుగా సారు గదికి వెళ్లి ఆ మాటే చెప్పాడు. సారు మొహం గంటు పెట్టుకుని, అర్థమయ్యేలా రాయాలిగా అన్నారు. పెద్దయ్య నాలుక చివరిదాకా పేడకుప్ప వచ్చింది. గుమ్మంలో అమ్మాయి కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది. పుట్టి బుద్ధెరిగాక తప్పొప్పుకోని మనిషి, ఆ మాట మింగేసి అన్నాడు:

"తప్పు నాదే సారూ. ఒక్కసారి మీ చేత్తో చూడండి. మీ చెయ్యి అబద్ధం చెప్పదు."

ఆ చివరి మాట పనిచేసింది. సారు భుజందాకా తొడుగు వేసుకుని, ఏడో నంబరు వెనక నిలబడి చెయ్యి పెట్టారు. లోపలి దూడ తన్నింది కాబోలు, ఉలిక్కిపడ్డారు. చేతులు కడుక్కుని, కొట్టం గోడకే కాగితం ఆనించి సంతకం పెడుతూ ఉపదేశం కూడా చేశారు.

"కొట్టంలో మాట తెలియకపోతే అడగాలమ్మా. అడగడానికి నామోషీ ఏముంది?"

"అలాగే సార్" అంది అమ్మాయి, సిరా ఆరకముందే కాగితం లాక్కుంటూ.