పటంలో లేని బోర్లు

సత్యవేడు దగ్గర నా చెల్లెలి మామిడితోటలో బోరు ఎండిపోయింది. చెట్లు ఇంకో ఎండాకాలం ఆగేట్టు లేవు. కొత్త బోరుకు చోటు చూసి చెప్పమని ఆమె నన్నడిగింది.

ఎవరి దగ్గరా నేర్చుకోకపోయినా, ఆ చుట్టుపక్కల ఊళ్లలో బోర్ల లోతులు అడిగి పటం మీద చుక్కలు పెట్టడం నాకు ఏళ్లనాటి అలవాటు. చుక్క లేని చోట, దగ్గరి చుక్కలకు ఎక్కువ విలువ, దూరపు వాటికి తక్కువ విలువ ఇచ్చి సగటు కడతాను. ఆ లెక్కన తోట తూర్పు మూలలో నీళ్లుండాలి. అదే చెప్పాను.

బోరు బండి వచ్చే రోజు, చోటు ఇంకోసారి చూసుకుందామని పొద్దున్నే వెళ్లాను. ఆ మూల గట్టు అవతల ముళ్లకంప కింద రాతిపలక, దాని కింద పైపు అంచు కనిపించాయి. పక్క చేని పెద్దాయన అక్కడే గడ్డి కోస్తున్నాడు.

"ఇదేందప్పా?"

"ఏం లేదులే."

"బోరు మాదిరి ఉండాదే."

"నీళ్లు పడలే గదా. పడనిదాని మాట ఎత్తకూడదబ్బా. ఎత్తితే పక్కన ఏసేది గూడా ఎండతాది."

"నేను అడిగినప్పుడు ఒక మాట సెప్పకపోతివే."

"పేపరు పట్టుకోని వస్తివి. రాయించుకునేదానికి ఇదేమన్నా పెండ్లి సంబంధమా?"

పలక జరిపాను. లోపలి చల్లగాలి ముఖానికి తగిలింది. చిన్న రాయి వేశాను. పైపుకు కొట్టుకుంటూ పోయిన చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. నీటి చప్పుడు రాలేదు.

ఇంకా ఉంటే చూపించమన్నాను. పెద్దాయన ముందు నడిచాడు. నోరు విప్పకుండా కాలి బొటనవేలితో చూపిస్తూ పోయాడు. చింతచెట్టు మొదట్లో ఒకటి, కాలువ ఒడ్డున ఒకటి, దారి మలుపులో ఇంకొకటి. అన్నీ నా పటంలో ఖాళీగా ఉన్న చోట్లే. నీళ్లు పడినవాళ్లే నాకు చెప్పారు. వాళ్ల నీళ్లతో నేను ఆ ఖాళీలన్నీ నింపుకున్నాను. మూత జరిగిన గొట్టం ఒకటి గాలికి సన్నగా మూలిగింది. ఆ తర్వాత పాదం మోపాలంటే జంకు పుట్టింది.

తిరిగి వచ్చేసరికి బండి తోట ముందు నిలబడి ఉంది.

"యాడ ఏసేదన్నా?" అంది చెల్లెలు.

"ఈడ వద్దమ్మా. సుట్టూరా అన్నీ ఎండినవే."

ఆమె బండిని వెనక్కి పంపేసింది.

"ట్యాంకరు నీళ్లు అన్నిటికీ సాలవు. ఏవి ఉంచుకునేదో నువ్వే లెక్కగట్టి సెప్పు."

నేను పటం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమే వరుసల్లోకి వెళ్లి, ఒక్కో మానుకూ చెయ్యి ఆనించి, ఉంచుకునే కొన్నిటి కొమ్మలకు గుడ్డపీలికలు కట్టింది. మిగతా చెట్ల పక్కనుంచి వచ్చేటప్పుడు తల ఎత్తలేదు.