తాడు మీద ఆగిన దూది

మా పెద్ద బావ పోయాడు. మా అక్క భర్త. కిందటి నెల ఒక మంగళవారం పొద్దున కొత్తపేట రైతుబజారు నుంచి ఆకుకూరలు తెచ్చి, సంచి గడప దగ్గర పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. అక్క మంచినీళ్లు తెచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. గుండె ఆగిపోయిందని దవాఖానలో చెప్పారు. సంచిలో తోటకూర ఇంకా వాడలేదు.

హాల్లో ఆయన్ని పడుకోబెట్టాక కూడా గోడ అవతల నుంచి ఒక చప్పుడు వస్తూనే ఉంది. అక్కా బావా, నేనూ ఉండేది ఒకే ఇంట్లో. మా పక్క జాగాలో ఐదంతస్తుల బిల్డింగు లేస్తోంది. ఇటుకలు, కంకర పైకి లాగే లిఫ్టు మోత అది. ఆ లిఫ్టు ఇనుప తాడు మార్చమని బావ మూడు నెలలుగా మొత్తుకున్నాడు. మార్చలేదు. ఆ రోజు కూడా అదే తాడు మీద ఇటుకలు పైకి పోతున్నాయి.

పదకొండింటికి ఆ బిల్డింగు కాంట్రాక్టరు గులాబీల దండ తీసుకుని వచ్చాడు. మా నల్లగొండ వైపు మనిషే. చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని, నాతో, "పెద్దాయన మస్తు మంచోడు అక్కా. గంత జాగ్రత్తగల్ల మనిషి మళ్ల దొరకడు," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. దేవుణ్ణి నమ్ముకున్నదాన్ని, శవం దగ్గర కోపం తెచ్చుకోకూడదని తెలుసు. అయినా అడిగాను.

"జాగ్రత్తగల్ల మనిషి చెప్పిన మాట ఎందుకు వినలేదు తమ్మీ?"

"పదకొండో దినం కానీ అక్కా. తప్పకుండ చేయిస్తా," అని దండ వేసి వెళ్లిపోయాడు. ఐదు నిమిషాలకు లిఫ్టు మళ్లీ మోగింది.

బావ బతుకంతా ఇనుప తాళ్లతోనే గడిచింది. క్రేన్లకు, రాతి క్వారీల్లో యంత్రాలకు, ఫ్యాక్టరీల్లో బరువులెత్తే చోట తాళ్లు బిగించేవాడు. పని మానేసినా చూపు మానలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీర కొనడానికి తీసుకెళ్తే దుకాణం వదిలేసి, రోడ్డు పక్క క్రేను కింద నిలబడ్డవాళ్లను తోలేవాడు. "జరుగుండ్రి, జరుగుండ్రి. తాడు తెగితే చెప్పి తెగదు." అక్కేమో ఎండలో నిలబడి, "నా కర్మ. చీర కన్న తాడే ముద్దు గీయనకు," అనేది.

ఆయన చేతి పని నేను చాలాసార్లు దగ్గరుండి చూశాను. కొత్త తాడు చుట్టను ఎప్పుడూ నేల మీద పడేసి లాగనివ్వడు. చుట్ట మధ్యలో గొట్టం దూర్చి, స్టాండు మీద పెట్టి, నెమ్మదిగా తిప్పుతూ విప్పాలి. లేకపోతే మెలిక పడుతుంది. "ఒక్కపారి మెలిక పడ్డదంటే లాగి సక్కగ చేసినా లోపల ఇరిగినట్టే," అనేవాడు. చివర మడిచి క్లిప్పులు వేసేటప్పుడు మరీ పట్టింపు. క్లిప్పు వెడల్పు దిమ్మ బరువు మోసే తాడు మీదే కూర్చోవాలి, వంకీ కడ్డీ మడిచిన కొస మీదికి రావాలి. తిరగేస్తే మోసే తాడే నలిగిపోతుంది. మొదటి బరువు ఎత్తి దించాక నట్లు మళ్లీ బిగించాల్సిందే. బరువు పడగానే తాడు కొంచెం సన్నబడి క్లిప్పులు వదులవుతాయట.

"ఎన్నిసార్లు బిగిస్తావు బావా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"మీ అక్క మెడల మూడు ముళ్లు ఏసినంక కూడ తెల్లారి చూసుకున్న మరదలా, గట్టిగున్నయా లేవా అని."

"వదులైతే ఎటన్న పోదునేమో," అని వంటింట్లోంచి అక్క అరిచింది.

నా దగ్గర ఒత్తులకు తెచ్చుకున్న దూది ఎప్పుడూ ఉంటుంది. నెలకోసారి వచ్చి చెయ్యి చాచేవాడు.

"గింత దూది ఇయ్యి."

"దేవుని దూది బావా."

"తాడు కింద నిలబడేటోళ్లు దేవుని బిడ్డలు కారా? ఇయ్యి."

చుట్టుపక్కల పని జరిగే చోటికి పోయి మిషను ఆపించి, తోలు గ్లవ్సు వేసుకుని, తాడు మీది పాత గ్రీజు తుడిచి, దాని పొడుగునా దూది చుట్టి మెల్లగా లాగేవాడు. ఇనుప తాడు కూడా జడలాంటిదే. పాయలు ఉంటాయి, పాయలో సన్నటి తీగలు ఉంటాయి. ఎక్కడ తీగ తెగి మొన లేచిందో అక్కడ దూది చిక్కుకుని ఆగిపోతుంది. వట్టి చేత్తో తడిమితే చెయ్యి చీరుకుపోతుంది, కంటితో వెతికితే గ్రీజు కింద కనబడదు. "తాడు అబద్ధమాడదు. మనమే గ్రీజు పూసి ఆడిపిస్తం," అనేవాడు.

పక్క బిల్డింగు తాడుకు దూది ఆరు చోట్ల ఆగింది. అన్నీ ఒక మూరలోపే. బావ కాంట్రాక్టరును పిలిచి చూపించాడు. వాడు ఏం చేశాడో తెలుసా? దూది పింజలు ఒక్కొక్కటే పీకి, ఊదేసి, "ఇప్పుడు సాఫ్ అయింది గద పెద్దాయనా," అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. మా కాలనీ పెద్దలు ఇద్దరు అక్కడే ఉన్నారు. "ముసలాయనకు పొద్దు పోతలేదు," అన్నారు. ఆ ఇద్దరే ఆయన పోయిన రోజు మా ఇంట్లో కూర్చుని ఆయన గొప్పతనం చెప్పారు.

ఆ లిఫ్టు మీద ఇటుకలే కాదు, ఆడవాళ్లూ ఎక్కేవారు. ఒక కూలీ అమ్మాయి మా నల్లా దగ్గర నీళ్లకు వచ్చేది. బావ ఆమెతో, "సామాన్ల లిఫ్టు బిడ్డా అది. కొత్త తాడున్నా మనిషి ఎక్కొద్దు," అనేవాడు. ఆమె తల దించుకుని, "మెట్లెక్కితే లేటయితదని మేస్త్రీ తిడతడు తాతా," అనేది.

కాంట్రాక్టరు మీద ఎంత కోపముందో నా మీద నాకూ అంత ఉంది. దసరాకు పనివాళ్లు ఆయుధపూజ చేస్తూ నన్ను పిలిచారు. భక్తిగా వెళ్లి, ఆ తాడుకు మనిషెత్తు దాకా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి వచ్చాను. మర్నాడు బావ నాతో కోపంగా మాట్లాడాడు, ముప్పై ఏళ్లలో ఆ ఒక్కసారే.

"దేవునికి దండం పెట్టు మరదలా. తాడుకు పసుపు పెట్టకు. తెగిన తీగలన్ని దాని కింద దాగినయి. వాడు గ్రీజు పూస్తుండు, నువ్వు పసుపు పూస్తున్నవు."

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పుడే ఆయన పక్కన నిలబడి కాంట్రాక్టరును నాలుగు మాటలు అనాల్సింది. ఇంటికొచ్చి దీపం పెట్టుకుని కూర్చున్నాను.

ఆయన పోయిన నాలుగో రోజు పొద్దున లిఫ్టు మోత వింటుంటే ఇక కూర్చోలేకపోయాను. మైల రోజులు, ఇంట్లో దీపం లేదు. దూది పొట్లం ఊరికే పడి ఉంది. అది, బావ గ్లవ్సు తీసుకుని వెళ్లాను. లిఫ్టు పలక కిందికి దిగి ఇటుకల కోసం ఆగి ఉంది. వెళ్లి దాని మీద కూర్చున్నాను.

"లే అక్కా, పని ఆగిపోతది," అన్నాడు మేస్త్రీ.

"ఆగనీ."

పైపోర్షన్‌లో కిరాయికుండే గుంటూరు ఆవిడ గోడ మీంచి చూసింది. "ఉండండి వదినగారూ, నేనూ వస్తున్నానండి," అని పీట తెచ్చుకుని మరీ పక్కన కూర్చుంది. మిషను ఆపించి తాడుకు దూది చుట్టి లాగాను. చేతికి అందినంతలోనే తొమ్మిది చోట్ల ఆగింది. ఈసారి పీకడానికి ఎవరూ దగ్గరికి రాలేదు. కూలీ ఆడవాళ్లు వచ్చి చూశారు. నీళ్లకు వచ్చే అమ్మాయి పింజలన్నీ లెక్కపెట్టి, గంప కింద పెట్టి, "నేనెక్క," అంది. మిగతావాళ్లూ గంపలు దించారు.

పని ఆగిపోయేసరికి కాంట్రాక్టరు పరుగున వచ్చి, మధ్యాహ్నానికి కొత్త తాడు తెప్పించాడు. స్టాండు పెట్టి విప్పించాను. క్లిప్పులు ఎటు కూర్చోవాలో వేలు పెట్టి చూపించాను. మొదటి బరువు దిగాక నట్లు మళ్లీ బిగించేదాకా కదల్లేదు.

ఇంటికి వెళ్దామని లేచేసరికి పాత తాడును చుట్టగా చుట్టి ట్రాలీ ఆటోలో వేస్తున్నారు.

"ఎక్కడికి?" అన్నాను.

"నాదర్‌గుల్‌ల చిన్న పని ఉందక్కా," అన్నాడు కాంట్రాక్టరు. "రెండంతస్తులే. గక్కడికి నడుస్తది."

అప్పుడు నేను అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. రెండో అంతస్తు మీది నుంచి పడితే మనిషి బతుకుతాడా అని అడిగాను. నాదర్‌గుల్‌లో తల్లులు లేరా అని అడిగాను. బావ ఏ పాత తాడూ చుట్టగా వదిలేవాడు కాదు. దగ్గరుండి ముక్కలు చేయించేవాడు. "వదిలితే ఎవడో ఒకడు మళ్ల కడతడు. దాని కింద ఎవడు నిలబడుతడో నాకు తెల్వదు గద," అనేవాడు. ఆటోకు అడ్డంగా నిలబడి, "కొయ్యి," అన్నాను.

చువ్వలు కోసే మిషను తెచ్చి నా ముందే కోశారు. నిప్పురవ్వలు మా గోడ దాకా ఎగిరాయి. మూరకో ముక్క. ఆ ముక్కలు వాళ్ల దగ్గర ఉంచలేదు, మా గేటు లోపల పోయించుకున్నాను.

మైల తీరి దీపం పెట్టుకున్న రోజు పొద్దున ముగ్గు వేయడానికి బయటికి వచ్చాను. నీళ్లకు వచ్చిన అమ్మాయి బిందె నింపుకుని, మెట్ల వైపు నడిచి వెళ్లింది. గేటు పక్క కుప్పలో తాడు ముక్కలకు కోసిన చివరల్లో పాయలు విడిపోయి తీగలు విచ్చుకున్నాయి, అప్పుడే తుప్పు పడుతోంది. ఒక ముక్కకు నేను చుట్టిన దూది ఇంకా పట్టుకునే ఉంది. గాలి వచ్చినప్పుడల్లా కదులుతోంది, ఊడిపోవడం లేదు.