దీదీ శాంఖా పెరిగిన రోజు

మొన్న శనివారం, ఈ పరాయిదేశంలో మేముండే గిరావీన్ పేటలో, మేము ఎప్పుడూ సరుకులు కొనే కొట్లో నిలబడి, "బియ్యం నిండుకున్నాయే, ఒక సంచీ తీసుకో" అన్నాను మా అమ్మాయితో. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లిషులోనే వస్తుంది. "బట్ మమ్, నిండుకోవడమంటే ఫుల్ అని కదా? దెన్ వై ఆర్ వుయ్ బయింగ్ మోర్?" అంది, తోస్తున్న బండిని ఆపేసి. న్యాయమైన ప్రశ్నే. అయిపోయాయి అనడం ఇంటికి మంచిది కాదు కాబట్టి అలా అంటామని చెప్పబోయాను. ఏడుపొచ్చేసింది. పప్పుల అరల మధ్య నిలబడి, ముక్కు చీదుకుంటూ, వచ్చేపోయేవాళ్లకు దారికి అడ్డమయ్యాను. "ఇట్స్ ఓన్లీ రైస్, మమ్" అని పిల్ల కంగారుపడింది. బియ్యం గురించి కాదు. ఆ మాట నాతో పంచుకున్న మనిషి పోయి ఇంకా నెల తిరగలేదు.

ఆమె మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేది. కలకత్తా మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద కాబట్టి దీదీ అనేదాన్ని, ఆమె భర్తను దాదా అనేదాన్ని. మా మధ్య సగం ఇంగ్లిషు, సగం హిందీ నడిచేవి. కొన్నేళ్లకు నాకు బెంగాలీ కూడా వచ్చేసిందని నేను ఊళ్లో చెప్పుకునేదాన్ని. వచ్చింది చాలా కొంచెమే. మా స్నేహం పోట్లాటతో మొదలైంది. ఒకసారి ఈ కొట్లోనే ఐసుపెట్టెలో గడ్డకట్టిన చేప కోసం ఇద్దరం ఒకేసారి చెయ్యి పెట్టాం. ఆమె ఇలిష్ అంది, నేను పులస అన్నాను. పద్మా నది చేపకు సాటి లేదని ఆమె, గోదావరి ఎదురెక్కిన చేప ముందు ఏదీ నిలవదని నేను, చేతులు చల్లబడి మొద్దుబారేదాకా వాదించుకున్నాం. "రెండూ ఒకటే చేప కదండీ" అన్నారు మా ఆయన. ఇద్దరం కలిసి ఆయన మీద పడ్డాం. ఆ రోజు నుంచి మేమిద్దరం ఒక జట్టు.

ఒకరోజు దీదీ గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, "చాల్ బాడొంతో" అంది. బియ్యం పెరుగుతున్నాయి అని దాని అర్థం. పెరుగుతుంటే నా దగ్గరికెందుకమ్మా అన్నాను. ఆమె పడీపడీ నవ్వి, తమ ఇళ్లలో బియ్యం అయిపోయాయి అనరనీ, పెరుగుతున్నాయి అంటారనీ చెప్పింది. మేము నిండుకున్నాయి అంటామని నేను చెప్పాను. తప్పిపోయిన చుట్టాలు దొరికినట్టు ఒకరినొకరం చూసుకున్నాం. తర్వాత టీ తాగుతూ మిగతాది చెప్పింది. దేశం రెండు ముక్కలైనప్పుడు ఆమె అమ్మానాన్నలు సరిహద్దుకు అవతల పడ్డ బరిసాల్ నుంచి కట్టుబట్టలతో కలకత్తా చేరారు. ఆ తర్వాత కొన్నేళ్లకు శరణార్థుల కాలనీలో, రేకుల కప్పు కింద ఒక్క గదిలో ఈమె పుట్టింది. "మా అమ్మ డబ్బా మూత తీసి చూసి, పెరుగుతున్నాయి అనేది. ఆ పూట అన్నం లేదని మాకు తెలిసిపోయేది. కానీ లేదు అన్న మాట అమ్మ నోట ఒక్కసారీ వినలేదు" అంది. తను ఎన్నడూ చూడని బరిసాల్‌ను చివరిదాకా "మా దేశం" అనే పిలిచింది.

వాళ్ల దుర్గాపూజకు ఏటా మమ్మల్ని తీసుకువెళ్లేది. ఇక్కడ పూజ పంచాంగం ప్రకారం కాదు, వారాంతం ప్రకారం, ఏదో స్కూలు హాల్లో జరుగుతుంది. అమ్మవారిని నదిలో కలపనివ్వరు కాబట్టి, పళ్లెంలో నీళ్లు పోసి, అమ్మవారి ప్రతిబింబం పట్టిన అద్దాన్ని అందులో ముంచి నిమజ్జనం అయిందనిపించి, విగ్రహాన్ని చెక్కపెట్టెలో పెట్టి మళ్లీ ఏడాది దాకా ఎవరి గ్యారేజీలోనో ఉంచుతారు. పెట్టెకు మేకులు కొట్టే పని దాదాది. సుత్తి దెబ్బ కొంచెం గట్టిగా పడితే చాలు, "మెల్లగా, అమ్మకు తలనొప్పి వస్తుంది" అని దీదీ కసిరేది. పెళ్లైన ఆడవాళ్లు ఒకరికొకరు సిందూరం పూసుకునేటప్పుడు ఆమె మణికట్టున తెల్లటి శాంఖా గాజులు కనిపించేవి. శంఖాన్ని కోసి చేస్తారు వాటిని. మనకు మంగళసూత్రం ఎంతో వాళ్లకు అవి అంత.

తొమ్మిదేళ్ల కిందట పూజలు దగ్గర పడుతుండగా దాదాకు జబ్బు ముదిరింది. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. రోజుకోసారి నర్సు వచ్చి వెళ్లేది. ఉన్న ఒక్క కూతురూ పెర్త్‌లో, చంటిబిడ్డతో. శనివారానికి గానీ రాలేనంది. గురువారం మధ్యాహ్నం నేను పాఠాలు చెప్పే యూనివర్సిటీలో దిద్దాల్సిన పరీక్ష పేపర్లు ముందేసుకుని కూర్చుంటే దీదీ ఫోన్ చేసింది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "నా శాంఖా పెరిగింది" అంది బెంగాలీలో. పూజలకు కలకత్తా నుంచి ఆమె చెల్లెలు ఇంకో జత పంపిందనుకున్నాను. ఇంత కష్టంలోనూ గాజుల ముచ్చట తీరిందే అని మనసులో మురిసిపోయాను కూడా. "చాలా సంతోషం దీదీ! ఆదివారం తప్పకుండా వచ్చి చూస్తాను" అన్నాను. ఆమె "అచ్ఛా, రా" అని ఫోన్ పెట్టేసింది.

శనివారం సాయంత్రం దాదా పోయారని కబురు వచ్చింది. పరిగెత్తుకెళ్లాను. దీదీ మంచం పక్కన కూర్చుని ఉంది. కుడిచేతికి గాజు ఉంది, ఎడమచేతికి లేదు. చెయ్యి ఖాళీగా ఉండకూడదని దాని చోట ఎర్రదారం చుట్టుకుని ఉంది. గురువారం ఆయన్ను పక్కకు తిప్పుతుంటే మంచం కోడుకు తగిలిందని వాళ్ల అమ్మాయి మెల్లగా చెప్పింది. అప్పుడు, అక్కడ నిలబడి ఉండగా, మా అమ్మమ్మ గొంతు వినిపించింది. చిన్నప్పుడు ఆడుకుంటూ గాజులు చిట్లగొట్టుకుని వస్తే, "పగిలింది అనకూడదే, గాజు పెరిగింది అనాలి" అనేది. నా భాషలో ఉన్న మాటే! ముప్పై ఏళ్లు ఈ దేశంలో ఉండి, నా మాట నేనే మరిచిపోయాను. భర్త కళ్లముందే కొడిగడుతుంటే, చేతి గాజు పగిలి, భయపడి, ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే బాగుండునని ఆమె ఫోన్ చేసింది. నేను సంతోషం అన్నాను. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

మూడు వారాల తర్వాత కూతురు ఆమెను పెర్త్ శివార్లలో, పియారా వాటర్స్‌లోని తన ఇంటికి తీసుకెళ్లిపోయింది. బయలుదేరే రోజున, అట్టపెట్టెల మధ్య, చెప్పేద్దామని నోరు తెరిచాను. "దీదీ, ఆ రోజు ఫోన్లో..." అనగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతులు అప్పటికి బోసిగా ఉన్నాయి. "ఇంకెవరైనా అయితే అయ్యో అని ఏడ్చేవాళ్లు. నువ్వొక్కదానివే చెడుమాట రానివ్వకుండా సంతోషం అన్నావు. మా అమ్మ ఉంటే అలాగే అనేది" అంది. నా తెలివితక్కువతనాన్ని పెద్దమనసు అనుకుందని నాకు అర్థమైంది. అది కాదని చెప్పాలి. చెప్పలేదు. ఇచ్చిన మెప్పును కిమ్మనకుండా తీసుకున్నాను.

తర్వాత ఏటా దశమి వెళ్లాక ఆమే ఫోన్ చేసేది. మోకాళ్ల నొప్పులు, మనవడి అల్లరి, పెర్త్‌లో దొరికే చేపల మీద చాడీలు. ప్రతిసారీ ఈసారి చెప్పేస్తాననుకునేదాన్ని, ప్రతిసారీ పిరికితనం అడ్డుపడేది. పోయిన నెల ఆమె ఫోన్ నుంచి వాళ్లమ్మాయి మాట్లాడింది. నిద్రలోనే పోయిందట. ఏడుస్తూనే ఆ పిల్లకు మొత్తం చెప్పేశాను. కొత్త గాజులు వచ్చాయనుకున్నాననీ, అందుకే రాలేదనీ, మీ అమ్మ చివరిదాకా నన్ను గొప్పదాన్ననుకుందనీ.

"అమ్మకి తెలుసు ఆంటీ" అంది ఇంగ్లిషులో. "ఫోన్ పెట్టగానే నాన్న దగ్గరికెళ్లి, మీరేమో తనకు కొత్త గాజులొచ్చాయనుకున్నారని చెప్పిందట. నాన్న నవ్వారట. ఆయన నవ్వింది అదే ఆఖరిసారి అనేది అమ్మ. మీకు మాత్రం చెప్పొద్దంది. పాపం, బాధపడుతుంది అంది."

తొమ్మిదేళ్లూ దాచింది నేననుకున్నాను. క్షమించమని అడగడానికి ఇప్పుడు ఆమె లేదు, అడగకముందే క్షమించేసి వెళ్లింది. నాలుగిళ్లు దాటడానికి ఆ రోజుల్లో నాకు రెండు నిమిషాలు చాలు. ఇప్పుడు నాకు మిగిలిన కాలమంతా నడిచినా ఆ గురువారం నాటి గుమ్మానికి చేరలేను.