ఫ్యాక్టరీ ముద్ర వేసిన ఫోల్డర్

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికి నా భార్య ఒక చీటీ రాసి నా చేతిలో పెట్టింది. చాయపత్త అయిపోయింది, కొత్తిమీర కూడా తెండ్రి అని ఉంది అందులో. దస్తూరి ఎప్పటిలాగే గుండ్రంగా, ముద్దుగా ఉంది. నేను సంబరపడిపోయి, "ఏం రాసినవో ఒక్కపారి సదువు" అన్నాను. చీటీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది, కిందిది మీదికి తిప్పి కూడా చూసింది.

"రాసింది నేనే గద, నాకెందుకు తెలుస్తలేదు?" అని నన్నే అడిగింది.

మెదడు వెనక భాగంలో రక్తం గడ్డకట్టిందట. రాసే తోవ బాగానే ఉంది, చదివే తోవ మూసుకుపోయింది అని డాక్టరు చెప్పాడు. చూపు పోలేదు, మాట పోలేదు, చేయి పోలేదు. అక్షరం ఒక్కటే పోయింది. మళ్ళీ వస్తుందా అంటే "చూద్దాం" అన్నాడు. పోయినప్పుడల్లా అదే మాట. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం, నాలాగే ఆయనకూ తెలియదు.

నిజామాబాద్ బస్టాండు వెనక గల్లీలో మాకు డీటీపీ దుకాణం ఉంది. టైపింగ్ ఆమెది, బొమ్మలూ డిజైన్లూ నావి. బిల్లు పుస్తకాలు, బడి ప్రశ్నపత్రాలు, అన్నిటికంటే ఎక్కువగా పెండ్లి కార్డులు. ముహూర్తాల రోజుల్లో వేల్పూర్ నుంచీ మోస్రా నుంచీ వచ్చినవాళ్ళు మా గడప మీద కూర్చుని పిల్లదానికి ఏం పెడుతున్నారో, పిల్లగాడు ఏం చదివాడో చెప్పుకుంటుంటే, వాళ్ళకు జవాబులిస్తూనే ఆమె మ్యాటర్ కొట్టేసేది. కీబోర్డు వైపు చూసేది కాదు. జబ్బు చేశాక కూడా వేళ్ళు అలాగే పరుగెత్తాయి. కానీ టైపు చేసే ప్రోగ్రామ్ తెరవాలంటే ఎక్కడ నొక్కాలి? చేసిన పని ఎక్కడుంది? తెర మీద పేర్లన్నీ ఆమెకు చీమల బారులే. ప్రతి దానికీ నన్ను పిలవాల్సి వచ్చేది. నేను విసుక్కునేవాణ్ణి కాదు. ఆ విసుక్కోకపోవడమే ఆమెకు కష్టంగా ఉందని తర్వాత తెలిసింది.

"ఒక్క కార్డు సురు నుంచి ఆఖరు దాంక నేనే జేస్త," అంది ఒకరోజు. "మీరు పక్కకు నిలవడకుండ్రి. ఒక్కటి చేస్తే సాలు, ఇంక నేను ఉన్నట్టే."

ఇంక నేను ఉన్నట్టే. ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు.

మా కంప్యూటర్లు పాతవి. అందుకే వాటిలో డబ్బు పెట్టి కొనే సిస్టం కాకుండా, ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి అందరికీ ఉచితంగా ఇచ్చే ఓపెన్ సోర్స్ సిస్టం వేశాను. అందులో తెర మీద కనిపించే గుర్తులన్నీ ఒక సెట్టుగా వస్తాయి. దాన్ని ఐకాన్ థీమ్ అంటారు. నచ్చకపోతే సెట్టు మొత్తం మార్చుకోవచ్చు, ఓపికుంటే మనమే గీసుకోవచ్చు. నాకు ఆ పిచ్చి ఎప్పటినుంచో ఉంది. ఒక సెట్టు నేనే గీసి ఇంటర్నెట్‌లో పెట్టాను కూడా. ప్రతి కంపెనీ లోగోనూ ఒకే కొలత, మూలలు గుండ్రంగా ఉండే గడిలో కూర్చోబెట్టి, కళ్ళకు గుచ్చుకోకుండా రంగులు తగ్గించాను. ఏ దేశాల వాళ్ళో బాగుందని రాశారు. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

ఆ సెట్టునే ఆమెకు చూపించాను, బొమ్మల్ని బట్టి పట్టుకుంటుందేమోనని.

"అన్నీ గోలీల షీటు లెక్కనే ఉన్నయి," అంది.

పూటకు ఇన్ని గోలీలు మింగే మనిషి అన్న మాట. కంప్యూటర్ బంద్ చేశాను.

తర్వాత ఒకసారి ఖలీల్‌వాడిలో డాక్టరుకు చూపించుకుని ఆటోలో వస్తుంటే, "ఆ బ్యాంకుల మన ఖాతా ఉన్నది గద" అంది. తల తిప్పి చూశాను. బోర్డు మీది పేరుకు అడ్డంగా ఏదో ఫ్లెక్సీ వేలాడుతోంది, బ్యాంకు లోగో ఒక్కటే పైకి కనిపిస్తోంది. ఇగ దారి పొడుగునా అడగడమే. అదేంది? పెట్రోలు బంకు. ఇదేంది? ఫోను కంపెనీది. మరి అది? మనింట్ల వాడే చాయపత్త. ఒక్కటీ తప్పలేదు. ఆటో అతను అద్దంలో మమ్మల్ని చూసి, "ఊరికి కొత్తగొచ్చిండ్రా అన్నా?" అన్నాడు. అవునన్నాను నవ్వుతూ. చాలా రోజులకు నవ్వాను.

లోగోను చదవరట. మనిషి మొహాన్ని గుర్తుపట్టినట్టు మొత్తంగా గుర్తుపడతారట. ఆ సంగతి తెలిశాక, ఏళ్ళ తరబడి నేను చేసిన పనంతా లోగోల మొహాలు చెరపడమేనని అర్థమైంది. ఐకాన్ థీములు గీసేవాళ్ళు ఇంటర్నెట్‌లో మాట్లాడుకునే చోట నా సంగతి రాసి, లోగోలను ఉన్నవి ఉన్నట్టు పెట్టడానికి సలహా అడిగాను. ఒకాయన ఏదో కంపెనీ నియమాలు తెచ్చి అతికించాడు, మా లోగోను ఇలా వాడరాదు, అలా వాడరాదు అని. ఇంకొకాయన, అన్నీ ఒక తీరుగా లేకపోతే థీమ్ అందం చెడిపోతుందన్నాడు. ఒక్కరు మాత్రం మీ భార్య ఎలా ఉన్నారని అడిగారు. సరే, ఇది ఎక్కడా పెట్టేది కాదు, మా దుకాణంలో ఒక్క కంప్యూటర్ కోసం, ఒక్క మనిషి కోసం అనుకుని మొదలుపెట్టాను.

ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ అడిగాను. పెండ్లి అంటే ఏం యాదికొస్తది? నిజామాబాద్‌లో పెండ్లి పట్టుచీరలన్నీ ఏ దుకాణంలో కొంటారో దాని పేరు చెప్పింది. ఆ దుకాణం సంచీ మీది నెమలి పెండ్లి కార్డుల ఫోల్డరుకు ఎక్కింది. చెత్తబుట్టకు పొద్దున్నే పాట పెట్టుకుని వచ్చే మునిసిపాలిటీ బండి మీది గుర్తు. అది పెట్టినప్పుడు ఆమె పకపకా నవ్వింది. టైపింగుకు ఏం పెట్టాలంటే మాత్రం చాలాసేపు ఆలోచించి, వాళ్ళ అమ్మ పనిచేసిన బీడీ కంపెనీ లేబుల్ పెట్టమంది.

"బీడీకీ టైపింగుకూ ఏం సంబంధం?"

"మా అవ్వ సూడకుంటనే చుట్టేది. నేను సూడకుంటనే కొడ్త," అంది.

ఒక్క గుర్తు మాత్రం ఆమెను అడక్కుండా పెట్టాను. ఆ సిస్టంలో ప్రతి మనిషికీ ఒక హోమ్ ఫోల్డర్ ఉంటుంది. ఆ మనిషి సొంతిల్లు అన్నట్టు. ఏం చేసినా, ఏం సేవ్ చేసినా పోయి అందులోనే పడుతుంది. ఆమె పుట్టి పెరిగింది బోధన్‌లో, శక్కర్‌నగర్ క్వార్టర్లలో. వాళ్ళ బాపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఫ్యాక్టరీ ముద్ర ఉన్న గోనెసంచీ ఒకటి మా అటక మీద ఇంకా ఉంది. పెండ్లయిన కొత్తలో బియ్యం నింపుకుని తెచ్చుకున్న సంచీ. దాన్ని దించి, దులిపి, ఫోటో తీసి, అరిగిపోయిన గీతలన్నీ పూడ్చి ఆ ముద్రను మళ్ళీ గీశాను. రెండు రోజులు కూర్చున్నాను దాని మీద. ఇల్లు అంటే ఆమెకు ఇంతకు మించిన గుర్తు ఉండదనుకున్నాను. చూసి మురిసిపోతుందనుకున్నాను. చూసింది, ఏమీ అనలేదు. కడుపు నిండి మాట రాలేదేమో అనుకున్నాను, నా తెలివి అట్లా ఏడిసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు బాగా గడిచాయి. దుకాణానికి వచ్చి తన కుర్చీలో తాను కూర్చునేది. బీడీ లేబుల్ నొక్కేది, టకటకా కొట్టేది. ఆమె సేవ్ చేసినదాన్ని తర్వాత తెరిచి డిజైన్‌లో పెట్టుకునేది నేనే. కొట్టింది కంప్యూటరే పైకి చదివి వినిపించేలా పెట్టాను. ఆ ఇనుప గొంతు పెండ్లి మ్యాటర్ చదువుతుంటే కస్టమర్లు నవ్వుకునేవాళ్ళు, ఆమె కూడా నవ్వేది. మధ్యలో పాటల ప్రోగ్రామ్ వాళ్ళు ఏం తోచక తమ లోగో మార్చారు. అప్‌డేట్‌తో పాటు దాని ఫైలు పేరు కూడా మారడంతో నేను పెట్టిన బొమ్మ పోయి వాళ్ళ కొత్తది వచ్చి కూర్చుంది. "ఈడున్న పాటల దుక్నం ఎత్తేసిండ్రా?" అని అడిగింది. నేను ఆ కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టి, పాతది మళ్ళీ అతికించాను. ఎవరో ఎక్కడో గదిలో కూర్చుని ఒక వంకర గీతను సరి చేస్తే ఇక్కడ ఒక మనిషికి దారి తప్పుతుంది. వాళ్ళతో ఎవరు మొత్తుకోవాలి?

ఆమె కోరుకున్న రోజు రానే వచ్చింది. నవీపేట్ నుంచి ఒక పెద్దమనిషి బిడ్డ పెండ్లి కార్డు కోసం వచ్చాడు. ఆమె నా వైపు చూసింది. నేను చెప్పులేసుకుని, చాయ తాగొస్తానని ఎదురుగా హోటల్లోకి పోయి కూర్చున్నాను. అక్కడి నుంచి మా దుకాణం కనిపిస్తుంది. ఆయన చెబుతున్నాడు, ఆమె కొడుతోంది. ఇనుప గొంతు చదివింది, ఆయన వియ్యంకుడి పేరు సరిచేయించాడు. అంతా సాఫీగా జరుగుతుంటే నాకు చాయ తియ్యగా అనిపించింది. ఇక ప్రూఫ్ తీయడమే మిగిలింది అనుకుంటుండగా కరెంటు పోయింది. మా బ్యాటరీ ఎప్పుడో సచ్చింది. రెండు నిమిషాల్లో మళ్ళీ వచ్చింది. ఆమె నిమిషానికోసారి సేవ్ చేసే మనిషి, కార్డు ఎక్కడికీ పోదు, హోమ్ ఫోల్డర్ తెరిస్తే అందులోనే ఉంటుంది. నేను ధైర్యంగానే కూర్చున్నాను.

చాలాసేపు కూర్చున్నాను. ఆ పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. బస్సుల వైపు చూశాడు. ఇక నావల్ల కాలేదు.

నేను పోయేసరికి ఆమె చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఉంది. తెర మీద నెమలి ఫోల్డర్ తెరిచి ఉంది, ఫోటోల ఫోల్డర్ తెరిచి ఉంది, ఆఖరికి మునిసిపాలిటీ బండి కూడా తెరిచి ఉంది. అన్నీ వెతికింది. ఒక్క ఫ్యాక్టరీ ముద్రను మాత్రం ముట్టుకోలేదు.

"చెల్లె మస్తు తిప్పలవడ్డదన్నా," అన్నాడు ఆయన. "ఏం గాదు, బస్సు పోతది, నేను రేపొస్త తియ్యి." అంత మెత్తగా అనకుండా కోపం చేసి పోయినా బాగుండేది. ఆమె ఆయన మొహం చూడలేక తల వంచుకుంది.

ఆయన పోగానే నేను ఆ ముద్ర మీద నొక్కాను. కార్డు అక్కడే ఉంది. నాకు ఆపుకోలేనంత కోపం వచ్చింది. "ఈడనే ఉన్నది గద! ఇంత పెద్దగ కండ్ల ముందల వెట్టిన గద!" అని గట్టిగానే అరిచాను.

"ఈడనే ఉన్నదని నాకు తెల్సు," అంది.

"తెలిస్తే మరి?"

"ఫ్యాక్టరీ బంద్ వడ్డంక కూడ బాపు రోజు గేటు దాంక పోతుండె. తాళం సూసి మల్లొస్తుండె. నేను అన్నం బెట్టుకోని కూసుంటుంటి. గా ముద్ర సూస్తే నాకు తాళమే కనవడ్తది. చెయ్యి పోతలేదు. ఎంత అనుకున్నా పోతలేదు. నేనేం జెయ్యాలె?"

బోధన్‌లో ఏ పిల్లను అడిగినా చెప్పేది, ఆ ముద్ర అంటే మూసిన గేటని. పెండ్లయినప్పటి నుంచి ఆ గేటు ముందు నుంచే అత్తగారింటికి పోయి వచ్చినవాణ్ణి నేను. నాకు అందులో తియ్యటి చక్కెర కనిపించింది. అక్షరాలున్న రోజుల్లో అయితే ఆమె కింద రాసిన పేరు చదువుకుని, బొమ్మను పట్టించుకోకుండా నొక్కేసేది. ఇప్పుడు ఆమెకు బొమ్మ తప్ప ఇంకేమీ లేదు. ఆమె ఇంటికి తాళం తెచ్చి వేసింది నేనే. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుండిపోయాను.

ఆ ముద్రను అప్పుడే తీసేశాను. దాని చోట ఏం పెట్టాలి? మామూలు ఫోల్డర్ బొమ్మ పెడితే మిగతా ఫోల్డర్లలో కలిసిపోయింది. పెంకుటిల్లు బొమ్మ గీసి పెడితే, మనకు పెంకుటిల్లు ఎక్కడిదంది. నిజమే. నువ్వే చెప్పు, ఇల్లంటే నీకు ఏం గుర్తొస్తుందని అడిగాను.

"మీకు తెల్వదా?" అంది.

ఆ సాయంత్రమంతా ఆలోచించాక తట్టింది. మా దుకాణానికే ఒక లోగో ఉంది. పెండ్లయిన ఏడాది నేను గీశాను. ఆమె పేరులోని మొదటి అక్షరాన్నీ నా పేరులోని మొదటి అక్షరాన్నీ ఒకదాని కొమ్ములో ఒకటి మెలేసి, రెండూ కలిసి ఒకే తీగలా కనిపించేట్టు గీసింది. మేం అచ్చేసిన ప్రతి కార్డు వెనకా మూలన చిన్నగా అది ఉంటుంది. ఎన్ని లోగోలు గీసినా అంత బాగా మళ్ళీ గీయలేదని నేనే ఒప్పుకుంటాను. ఇన్నాళ్ళూ ఊరందరి లోగోలూ వెతికాను గానీ ఇది ఎట్లా మరిచిపోయానా అని నన్ను నేను తిట్టుకుని, మర్నాడు పొద్దున్నే దాన్ని హోమ్ ఫోల్డరుకు పెట్టి ఆమెను పిలిచాను.

కుర్చీలో కూర్చుని ముందుకు వంగి చూసింది. తల కొంచెం పక్కకు వంచి మళ్ళీ చూసింది.

"మంచిగున్నది," అంది. "ఎవల దుక్నందిది?"

తీగలా మెలేసినా అవి అక్షరాలే. "మనదే," అన్నాను.

"అవునా," అని నవ్వి తలూపింది. ఎప్పుడో కార్డు వేయించుకుపోయినవాళ్ళు వచ్చి, గుర్తువట్టినవా చెల్లె అని అడిగితే, ఎవరో తెలియకపోయినా వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని ఆమె అట్లాగే నవ్వి తలూపుతుంది.