కుడి భుజం వేలెడు కిందికి

అమావాస్యకు ముందు రోజు పొద్దుగూకగానే గుర్వమ్మ కుట్టు మిషన్ బెల్టు తీసి తలుపు పక్కన మేకుకు తగిలించేది. చక్రానికి ఒక చుక్క నూనె వేసి, మిషన్ నెత్తిన పసుపు కుంకుమ పెట్టి, తన పాత చీర ఒకటి దాని మీద కప్పేది. మర్నాడంతా ఆ ఇంట్లో సూది కదిలేది కాదు. ఒకప్పుడు కొత్తకోటలో బట్టలు కుట్టే మేరోళ్ల ఇళ్లన్నిట్లో అదే ఆనవాయితీ అని చెప్పుకునేది గానీ, శోభ కోడలిగా వచ్చేనాటికి ఆ వాడలో దాన్ని పట్టుకుని ఉన్నది గుర్వమ్మ ఒక్కతే.

"చీరెందుకత్తా కప్పుడు? దుమ్ము పడ్తదనా?" అని కొత్తలో అడిగింది శోభ.

"దుమ్ముకు కాదు. అది మనల సూడకుండ."

శోభ నవ్వాపుకుంది.

"నవ్వకు పిల్లా. బెల్టుంటే మిషన్ పిలుస్తది. పిలిస్తే పోబుద్ధయితది. ఒక్కపారి పోయినవంటే, ఇగ అది ఎప్పుడు పిలిస్తె అప్పుడు పోవుడే."

శోభ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పెబ్బేరు దగ్గరి పల్లె ఆమెది. తల్లి మంచం పట్టడంతో తొమ్మిదో తరగతిలోనే బడి మానేసింది. మాట రాని చోట ఆమె చూస్తూ ఉండేది. ఎవరి మెడ ఎటు వాలుతుంది, నడిచేటప్పుడు ఎవరి చేయి ఎక్కువ ఊగుతుంది, ఇవన్నీ ఆమె కంటికి ఆనేవి. ఆ చూపును గమనించే గుర్వమ్మ కోడలి చేతికి కత్తెర ఇచ్చింది. అందరికీ చెప్పని పాఠం ఒకటి ఆమెకు చెప్పింది: "టేపు నమ్ముకుంట కోయి. కానీ కుట్టినంక టేపును నమ్మకు. రైకను నీ ఒంటికి ఆనించుకొని అద్దంల సూడు. యాడ ఎత్తుగ కనవడ్తదో ఆడ ఒక కుట్టు దించు."

గుర్వమ్మ కుడి భుజం ఎడమదానికంటే వేలెడు కిందికి ఉండేది. భర్త చిన్న వయసులోనే పోతే, పిల్లల్ని సాకడానికి ఆమె పండుగ, పబ్బం, అమావాస్య ఏదీ చూడకుండా కుట్టింది. మరిచిపోయిన ఆనవాయితీ మళ్లీ గుర్తుకు వచ్చేసరికి భుజం జారిపోయింది. అందుకే తన రవికల్ని ఆమె కావాలనే కుడి భుజం కిందికి దించి కుట్టుకునేది. ఒంటి మీద అవి సరిగ్గా కనిపించేవి. దండెం మీద ఆరేస్తే మాత్రం కనిపించని మనిషెవరో ఆ పక్కకు ఒరిగి నిలబడినట్టు ఉండేది. శోభ ఆ దండెం కింద నుంచి వంగి పోయేది కాదు, చుట్టూ తిరిగి పోయేది.

చివరికి గుర్వమ్మ కుడి చేయి పైకి లేవడమే మానేసింది. తల దువ్వడం, అన్నం కలిపి పెట్టడం అన్నీ శోభే చేసింది.

"నాకు బుద్ధి బుజం పోయినంక వచ్చింది" అంది ముసలామె ఒకరోజు, ముద్ద మింగి. "నీకు ముందుగాల్నే రావాలె."

ఆ చలికాలంలోనే ఆమె పోయింది.

శోభ భర్త బాలకృష్ణ సరుకులు మోసే డీసీఎం బండి నడుపుతాడు. హైదరాబాదు, బెంగుళూరు మధ్యనే అతని కాపురమంతా. తల్లి దినాలు అయ్యాక ఒక ట్రిప్పులో మిషన్‌కు మోటరు తెచ్చి తానే బిగించాడు.

"ఇగ కాళ్లు నొయ్యవు నీకు" అన్నాడు.

నిజంగానే నొప్పి పోయింది. కానీ కాళ్లు నొస్తేనే కదా మనిషి లేచేది. అంతకుముందైతే కరెంటు కోతలుండేవి. ఇల్లు చీకటైతే శోభ అరుగు మీదికి వచ్చి కూర్చునేది, పక్కింటివాళ్లతో నాలుగు మాటలు వినేది. రాష్ట్రం వచ్చాక కొన్నాళ్లకు కోతలు కూడా బందయ్యాయి. ఇక ఆమెను లేవమనేది ఏదీ లేదు. పైన దొర లేడు, గంట కొట్టేవాడు లేడు. పనికి తనే యజమాని, తనే కూలి. వచ్చినవాళ్లకు "లేదు" అనే మాట శోభ నోట రాదు. ఒక మనిషిని తిప్పి పంపితే ఆ మనిషి ఇంకో దుకాణానికి పోతుందని, పోయి నలుగురికి చెబుతుందని ఆమె భయం.

గుర్వమ్మ పోయాక వచ్చిన మొదటి అమావాస్యకు బెల్టు మీద చేయి వేసింది కూడా. గడపలో ఎవరో పెళ్లి బట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఈ ఒక్కసారికి అనుకుంది. ఆ తర్వాత అమావాస్య ఎప్పుడు వచ్చిపోతోందో ఆమెకు తెలియలేదు. మేకు ఖాళీగానే ఉండిపోయింది.

కొన్నాళ్లకు పొయ్యి దగ్గర నిలబడ్డా ఆమెకు మిషన్ చప్పుడు వినిపించేది. వెళ్లి చూస్తే స్విచ్చి ఆపే ఉండేది. అన్నం తింటుంటే కుడి పాదం తనంతట తాను చాపను నొక్కుతుండేది.

ఒక సాయంత్రం కూతురు అలివేలు బడి నుంచి వచ్చి గడపలోనే ఆగిపోయింది. బయట వెలుగు తగ్గుతోంది. శోభ తలుపుకు వీపు పెట్టి కుడుతోంది. వెనక ఎవరో ఉన్నారనిపించి తిరిగింది. పిల్ల సంచి దించకుండా అలాగే చూస్తోంది.

"ఏందే, రాకుండ గట్ల నిలవడ్డవు?"

"నువ్వానే అమ్మా?" అంది అలివేలు. "అవ్వ కూసున్నదనుకున్న."

శోభ మిషన్ ఆపింది. ఆపాక కూడా కొంతసేపు చక్రం తిరుగుతూనే ఉంది.

జానమ్మ వచ్చింది ఆ వారంలోనే. హాస్టల్లో వంట చేసే ఆమె, పెద్ద మనిషి, నోరు కూడా పెద్దదే. వస్తూనే రవికను మిషన్ మీద పడేసింది.

"శోభమ్మా, నాకు రెండు బుజాలున్నయా, ఒకటేనా?"

"ఏమైంది పెద్దమ్మా?"

"చర్చిల నిలవడి పాట పాడ్తుంటే కుడి దిక్కు ముడతలు పడి బుడగ లెక్క లేస్తాంది. పాస్టరమ్మ పాట మర్శి నా బుజమే సూడవట్టె."

శోభ రవికను పరిచి చూసింది. కుడి భుజం వేలెడు కిందికి ఉంది. కొలతకిచ్చిన పాత రవిక పక్కన పెట్టి చూసింది. అది సరిగ్గానే ఉంది.

"ఇప్పి మళ్ల కుడ్త పెద్దమ్మా."

"కుడ్దువు గానీ, జర మొఖం సూస్కో. దేవుడంతటోడే ఏడోదినం కూసున్నడు. నువ్వాయనకంటె ఎక్కువ పనిమంతురాలివా?"

విప్పి మళ్లీ కుట్టింది. మళ్లీ అంతే వచ్చింది. తర్వాత ఇంకొకరి రవిక, ఆపైన ఒక పెళ్లికూతురిది. అన్నీ ఒకే వైపు, ఒకే వేలెడు. కోసేటప్పుడు టేపు పెట్టి రెండేసి సార్లు చూసుకునేది. ముక్కలు సమానంగా ఉండేవి. బట్ట పూర్తయ్యేసరికి భుజం దిగిపోయి ఉండేది. మధ్యలో దించుతున్నదెవరు? తన చేతుల్ని తానే కాపలా కాసుకుంటూ కుట్టింది. ఆ చేతులు ఏ తప్పూ చేస్తున్నట్టు కనిపించలేదు. కుట్టిన రవికలన్నీ దండెం మీద వరసగా వేలాడుతుంటే, చనిపోయిన మనిషి ఒక్కతే అంతమందిగా అటు తిరిగి నిలబడినట్టుంది.

"అత్తా," అంది ఒకరోజు గోడ మీది ఫోటోతో, గొంతు తగ్గించి, "నా పని నన్ను చేస్కోనియ్యి."

ఫోటో ఎప్పటిలాగే చూసింది.

బతుకమ్మ దగ్గరపడింది. ఏడాదిలో అంత పని ఇంకెప్పుడూ రాదు. అప్పుడే ఆమె కుడి చేయి మొరాయించింది. పొద్దున అలివేలుకు రెండు జడలు వేద్దామంటే చేయి పిల్ల చెవి దాకా వచ్చి ఆగిపోయింది, బరువైన బిందెను ఎత్తినట్టు. రెండో చేత్తో ఎలాగో అల్లింది.

"ఒక జడ కిందికున్నది" అని పిల్ల అద్దంలో చూసుకుని ఏడుపు మొహం పెట్టింది.

ఈ చేయి పోతే తన తల ఎవరు దువ్వుతారు, ముద్ద ఎవరు కలుపుతారు? శోభ అలివేలు వైపు చూసింది. ఆ పిల్ల పెద్దదై కత్తెర పట్టుకుని, తన వెనక నిలబడి తనకు జడ వేస్తున్నట్టు కనిపించింది.

పెత్రమాస వచ్చింది. పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య అది. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. చుట్టూ సగం కుట్టిన రవికలున్నాయి. బాలకృష్ణ బండి ఇంకా కర్నూలు దాటలేదని ఫోను వచ్చింది. పెద్దల పేరున పెట్టే పళ్లెం పక్కన వాళ్లు కట్టిన బట్ట ఒకటి పెట్టడం ఆ ఇంటి పద్ధతి. శోభ పెట్టె తెరిచి, మిషన్ మీద కప్పే పాత చీర తీసింది. దాని మడతలో గుర్వమ్మ రవిక ఉంది.

ఎందుకలా చేసిందో ఆమెకే తెలియదు. ఆ రవిక వేసుకుని అద్దం ముందుకు వెళ్లింది.

అది ఎక్కడా ముడత పడలేదు. మెడ దగ్గర, చంకల దగ్గర ఒంటికి అతికినట్టు ఉంది. రెండు భుజాలూ ఒకే గీత మీద ఉన్నాయి. ఎన్నో నెలలుగా ఆ అద్దంలో ఆమె చూడని గీత అది.

శోభ కదలకుండా నిలబడింది. వెనక మిషన్ చప్పుడు మొదలైంది. తిరిగి చూడలేదు. తిరిగితే ఆగిపోతుందని తెలుసు.

ఆమె తన భుజాల వంక చూసుకుంది, ఇతరుల భుజాలను చూసినట్టు. రవిక సమంగా చూపిస్తున్నా, లోపల కుడిది దిగి ఉంది. అప్పుడు అర్థమైంది. ప్రతి రవికా పూర్తవగానే అత్త చెప్పినట్టు ఒంటికి ఆనించుకుని అద్దంలో చూసుకునేది. కుడి పక్క ఎత్తుగా కనిపిస్తే ఒక కుట్టు దించేది. అలవాటైన చేయి కాబట్టి మనసుకు చెప్పేది కాదు. తన ఒంటికి సరిపోయింది అందరికీ వంకరైంది. అత్త ఎక్కడి నుంచీ రాలేదు. ఆమె వదిలివెళ్లిన స్టూలు మీద, ఆమె ఒంగిన చోటే ఒంగి, శోభే ఆమె అవుతూ వచ్చింది.

బయటి నుంచి వచ్చేదైతే తలుపు వేసుకోవచ్చు.

రవిక విప్పి పళ్లెం పక్కన పెట్టింది. మోటరు తీగ పీకి, బెల్టు లాగింది. మేకు వరకు కుడి చేయి లేవలేదు. ఎడమ చేత్తో తగిలించింది. మిషన్ మీద చీర కప్పింది.

అంతలోనే రమ వచ్చింది. ఆ వాడలో పెద్ద కిరాణా దుకాణం వాళ్లావిడ. వెనకే జానమ్మ కూడా, తన రవిక కోసం.

"అయిందా వదినా?" అంది రమ. "పొద్దుగూకితే బతుకమ్మ ఎత్తాలె."

శోభ గొంతు తడుపుకుంది. "లేదు" అంది. "ఇయ్యాల మిషన్ నడ్వదు."

"ఏం, కరెంటు లేదా?"

"కరెంటున్నది. నేను లేను."

రమ ఆమెను కిందికీ మీదికీ చూసింది. "ఇదేం మాట? పెత్రమాస నాడు గిట్ల మాట్లాడ్తరా ఎవలన్న? రేపు నాకెందుకు నీ రైక, కప్పుకొని పండుకోవాల్నా? ఇయ్యి నా బట్ట. ఊర్ల నువ్వొక్కదానివే ఉన్నవా?"

శోభ బట్ట మడిచి ఇచ్చింది. రమ గేటు కొట్టుకుంటూ వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె మళ్లీ రానే లేదు, ఆమె చెల్లెళ్లు కూడా.

జానమ్మ మాత్రం కదల్లేదు. కప్పిన చీరను, మేకుకున్న బెల్టును చూసింది.

"నాది కూడ కాలేదా?"

"కాలేదు పెద్దమ్మా."

"మంచిదే. పాస్టరమ్మ ఇంగో వారం సూస్తది" అని అరుగు మీద కూలబడింది. "ఛాయ్ పెడ్తవా, అది కూడ బందేనా?"

సాయంత్రం శోభ అలివేలును తీసుకుని బతుకమ్మ ఆడడానికి వెళ్లింది. వరసలో వంగి చప్పట్లు కొడుతుంటే కుడి చేయి ఎడమ చేతికి కొంచెం ఆలస్యంగా అందింది. పాట నడుమ ఇంటి వైపు నుంచి ఆ చప్పుడు వినిపించింది. ఆమె పాదం నేలను నొక్కింది.

"అమ్మా, అడుగు తప్పినవ్" అంది అలివేలు, ఆమె కొంగు పట్టుకుని.

శోభ అడుగు సరిచేసుకుంది.

ఇప్పుడు ఆమె కుట్టిన రవికల్ని ఒంటికి ఆనించుకోదు. చెక్క హ్యాంగరుకు తొడిగి చూస్తుంది. వనపర్తి దవాఖానలో చెప్పినట్టు రోజూ గోడ మీద వేళ్లు పాకిస్తూ చేయి పైకి లేపుతుంది. చేయి మేకు వరకు వస్తోంది. భుజం మాత్రం పూర్తిగా రాలేదు, రాదేమో కూడా. అమావాస్య నాడు వచ్చినవాళ్లకు "లేదు" అంటుంది. ఇప్పటికీ ఆ మాటకు ముందు గొంతు తడుపుకుంటుంది.

ఆ పెత్రమాస సాయంత్రం ఇంటికి వచ్చి దీపం పెట్టినప్పుడు, మిషన్ మీది చీర కుడి వైపు వేలెడు కిందికి జారి ఉంది. కిటికీ మూసే ఉంది. శోభ కొంతసేపు చూసి, చీరను రెండు వైపులా సమానంగా సర్దింది. చక్రాన్ని ముట్టుకోలేదు. కూతురిని దగ్గర కూర్చోబెట్టుకుని, విడిపోయిన జడను మొదటి నుంచి అల్లడం మొదలుపెట్టింది.